ఎర్రనీరు రాకముందు కోసిన వంకాయలు

లంకలోకి ఎర్రనీరు ఎక్కుతుందని
బుల్లియ్య రాత్రికి రాత్రే తోట దులిపేశాడు.
లేతవీ, ముదురువీ, ఇంకా వాడిన పువ్వు వదలనివీ
అన్నీ ఒకే గోనెలో.
పొద్దున్న రేవులో నా ఆటో ఎక్కించి
కిరాయి బదులు అరగోనె మా వాకిట్లో దింపాడు.
"డబ్బుల మాట నీళ్ళు తీశాక" అన్నాడు.

నూకరత్నం వాటిని అరుగు మీద పోసి
ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టింది,
పుచ్చకాయ బేరమాడేవాళ్ళలా.
ఇదివరకు ముక్కుతో చూసేది.

పోయినేడు కాదు, ఆ ముందేడు జ్వరం.
పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది.
మల్లెపూలు తెలియకపోతే ఏడవలేదు గానీ
పాలు మాడాయని పక్కింటివాళ్ళు వచ్చి చెప్పిన రోజు
గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడింది.
ఇప్పుడు చేపలావిడ దగ్గర మొప్ప ఎత్తి
నా మొహం వంక చూస్తుంది.
ఇరవయ్యేళ్ళు ఆ ముక్కు మీద బతికిన కొంప మాది.

పెరట్లో మూడు ఇటుకలు పెట్టాను.
డొక్కలు ముసురుకి నాని ఉన్నాయి, పొగే పొగ.
నాలుగు కొబ్బరి చిప్పలు పడితే గానీ నిప్పు కాలేదు.
నూనె రాస్తుంటే గుమ్మం లోంచి:
"కత్తితో పొడిచారా? లేకపోతే పేలుద్ది."
పొడిచాను.
నాకు వీపు పెట్టి కూర్చుంది.
చూస్తూ ఉంటే చెవి బద్ధకిస్తుందట.

"ముందు ఏమీ వినపడదు, కంగారుపడకండి.
తరవాత చిటచిట. అది తొక్క.
ఆనక కొస దగ్గర సన్నగా ఈల. అది నీరు.
ఆఁ, ఇప్పుడు తిప్పండి."
నాకు వాన తప్ప ఏమీ వినపడలేదు.
తిప్పాను. కింది వైపు సరిగ్గా నల్లబడి ఉంది.
"ఈల ఆగి లోపల్లోపల గొణుక్కుంటుంది చూడండి,
అప్పుడు కండ ఉడికినట్టు.
గొణుగుడు కూడా ఆగితే తీసెయ్యాలి.
ఇంక చెప్పుకోడానికి దాని దగ్గరేం లేదు."

వేళ్ళు కాలుతున్నాయని నీళ్ళలో ముంచబోతే
"రుచంతా కడిగేస్తారా?" అంది వెనక్కి తిరక్కుండానే.
ఊదుకుంటూ ఒలిచాను.
ముచ్చిక పట్టుకుని రాచ్చిప్పలోకి జార్చి
కాల్చిన మిరపకాయలూ ఉప్పూ వేసి చేత్తోనే పిసికాను.
చింతపండు గుజ్జు, గోరంత బెల్లం,
పచ్చి ఉల్లిపాయ ఆఖర్న, కరకర పోకుండా.
పోపు గరిట చుయ్యిమంది.

"ఎలా ఉంది?"
"ఉప్పుంది. పులుపుంది. కారం ఉంది.
మెత్తగా ఉంది.
మిగతాది మీరు చెప్పండి."

ఆటో వెనక నాలుగు మాటలు రాయించడానికి
నెల్లాళ్ళు ఆలోచించినవాణ్ణి నేను.
"కాలిన వాసన" అన్నాను.
"అది నాకూ తెలుసు."
"కొబ్బరి దింపు అయ్యాక సాయంత్రం చెత్త తగలేస్తే
తలంటుకున్నా జుట్టులో ఉండిపోయేదే, అది.
దాని కింద, నీళ్ళు చల్లిన పొయ్యి మట్టి.
ఇంకా కిందికి వెళ్తే...
లేత వంకాయ కోసినప్పటి పచ్చి, కొంచెం,
వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగినట్టు."

కళ్ళు మూసుకుని నమిలింది.
నా ఒక్కో మాటనీ ఏ ముద్దలో కలపాలో
వెతుక్కుంటున్నట్టు, నెమ్మదిగా.
మింగాక అంది:
"ఇంగువ సంగతి చెప్పలేదు."
"ఏదో, చిటికెడు."
"చిటికెడా? డబ్బా మూత రెండుసార్లు చప్పుడైంది."

నవ్వొచ్చి పొరబోయింది నాకు.
రేవు వైపు నుంచి మైకు, గాలికి ముక్కలు ముక్కలుగా.
నాకొక్క మాటా అందలేదు.
తను ముద్ద ఎత్తిన చెయ్యి అలాగే ఆపి
చివరిదాకా విన్నది.
"రెండో హెచ్చరిక ఎగరేశారంట.
బుల్లియ్యా వాళ్ళు పిల్లల్తో గట్టెక్కేస్తారు.
అన్నానికి ఎసరు పెడతాను,
మీరు నిప్పు ఆర్పకండి."